టోనీ మార్టిన్ పాడిన బ్లాక్ సబ్బాత్ ఆల్బమ్‌లు: మళ్లీ మొదటినుంచి విన్నవాళ్లు ఉన్నారా?

లేత్‌వాలా, అనంతపురం:

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ అనగానే మనం మాట్లాడుకునేది రెండు కాలాల గురించే. ఓజీ ఆస్‌బోర్న్ పాడిన 1970ల ఆల్బమ్‌లు ఒకటి, తర్వాత రానీ జేమ్స్ డియో వచ్చి పాడిన ‘హెవెన్ అండ్ హెల్’, ‘మాబ్ రూల్స్’ ఇంకొకటి. 1982లో డియో వెళ్లిపోయినప్పటినుంచి 1997లో పాతవాళ్లు మళ్లీ కలిసేదాకా నడిచిన కాలాన్ని చాలామంది ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. గిటారిస్ట్ టోనీ అయోమీ ఒక్కడే మిగిలాడు, పేరు పెట్టుకుని బండి లాగాడు అంటారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. ఆ కాలంలో టోనీ మార్టిన్ ఐదు ఆల్బమ్‌లు పాడాడు: ‘ది ఎటర్నల్ ఐడల్’ (1987), ‘హెడ్‌లెస్ క్రాస్’ (1989), ‘టీర్’ (1990), ‘క్రాస్ పర్పసెస్’ (1994), ‘ఫర్బిడెన్’ (1995). ఓజీ తర్వాత సబ్బాత్‌లో అన్నిటికంటే ఎక్కువ స్టూడియో ఆల్బమ్‌లు పాడిన గొంతు అతనిదే. డియోవి మూడే. అయినా 2006లో బ్యాండ్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు చోటు దక్కింది మొదటి నలుగురికే: ఓజీ, అయోమీ, గీజర్ బట్లర్, బిల్ వార్డ్. ఓజీ తిరిగొచ్చాక చేసిన కచేరీల్లో మార్టిన్ పాట ఒక్కటీ వినపడలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఈ ఆల్బమ్‌లు బాగాలేక మరుగున పడలేదు, దొరక్క మరుగున పడ్డాయి. చివరి నాలుగూ ఐ.ఆర్.ఎస్. రికార్డ్స్ అనే కంపెనీ ద్వారా వచ్చాయి. ఆ తర్వాత సీడీలు ముద్రణలో లేకుండా పోయాయి. ఫోన్లో పాటలు వినే రోజులు వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఇవి యాప్‌లలో కనపడలేదు. పాతికేళ్ల కుర్రాడు సబ్బాత్ పేజీ తెరిస్తే 1987 నుంచి నేరుగా 1992లోకి దూకినట్టుండేది. వినడానికి లేనిదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? 2024 మే 31న ‘ఆనో డొమిని 1989-1995’ అనే పెట్టెలో నాలుగూ కలిపి మళ్లీ విడుదల చేశారు. అప్పటినుంచి కొంచెం మాట మారింది.

నాకు ‘హెడ్‌లెస్ క్రాస్’ తొంభైల్లో బెంగళూరు ఫుట్‌పాత్ మీద క్యాసెట్‌గా దొరికింది. దాన్నే టేపు సాగిపోయేదాకా విన్నాను. అనంతపురంలో లేత్ షాపు నడుపుతాను, పగలంతా మోటార్ల చప్పుడు, కాబట్టి రాత్రి షట్టర్ దించాక వినడం అలవాటు. మిషన్ పని చేసేవాణ్ని కనుక నాకు అయోమీ మీద ఇంకో రకమైన మమకారం. ఆయన బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసేవాడు. అప్పుడు వయసు పదిహేడు. ప్రమాదం జరిగింది ఆ ఉద్యోగంలో ఆఖరి రోజునే. రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ మీద ఉండే మనిషి ఆ రోజు రాకపోతే ఈయన్ని కూర్చోబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి గిటార్ తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ఇక వాయించలేవన్నారు. ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. చెయ్యి కాలి, తీగల మీద రెండు వేళ్లే సరిగా ఆడే మనిషి వాయించిన గిటార్ అది. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించాడు, సన్నటి తీగలు వెతికి పెట్టుకున్నాడు. ప్రెస్ దగ్గర పనిచేసినవాళ్లకు ఇది పేపర్లో చదివి పక్కన పెట్టే కథ కాదు. డై కింద చెయ్యి పెట్టేటప్పుడు ఇప్పటికీ నాకు ఆయన గుర్తొస్తాడు.

అలాంటి మనిషి చుట్టూ ఉన్నవాళ్లంతా వెళ్లిపోయినా బ్యాండ్ ఆపకుండా చేసిన ఆల్బమ్‌లు ఇవి. ‘టీర్’ పేరు చూడండి. ఉత్తర యూరప్ పురాణాల్లో టీర్ ఒక దేవుడు. ఫెన్రిర్ అనే తోడేలును దేవతలు కట్టెయ్యాలనుకుంటారు. అది నమ్మదు. నమ్మించడానికి టీర్ తన కుడిచేతిని దాని నోట్లో పెడతాడు. కట్టు తెగదని తెలిశాక తోడేలు ఆ చేతిని కొరికేస్తుంది. కుడిచేతి వేళ్లు పోయినా వాయించిన మనిషి బ్యాండ్‌కు కుడిచెయ్యి పోయిన దేవుడి పేరు మీద ఒక ఆల్బమ్ ఉంది. కావాలని కలిపారని నేననను. కానీ ‘ది బ్యాటిల్ ఆఫ్ టీర్’, ‘ఓడిన్స్ కోర్ట్’, ‘వల్‌హల్లా’ మూడూ ఒకదాంట్లోంచి ఒకటి వచ్చేటప్పుడు నాకు ఆ చెయ్యే కనపడుతుంది.

నా లెక్కలో ‘హెడ్‌లెస్ క్రాస్’, ‘టీర్’ రెండూ ‘మాబ్ రూల్స్’ పక్కన కూర్చోబెట్టదగినవి. ‘క్రాస్ పర్పసెస్’ వాటికి ఒక మెట్టు కింద. ‘ఎటర్నల్ ఐడల్’లో సగం చాలా గొప్పగా ఉంటుంది. ‘ఫర్బిడెన్’ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు అడగాల్సింది. మా అన్న కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. క్లాసువాళ్లతో కలిసి బ్యాండ్ పెట్టాడు. ‘పారనాయిడ్’, ‘ఐరన్ మ్యాన్’ బాగానే వాయిస్తున్నారు. కాలేజీ ఫెస్ట్‌కు ఎవరూ వాయించని సబ్బాత్ కావాలన్నాడు. మార్టిన్ కాలంలోంచి రెండు పాటలు చెబుదామని ఉంది. ఒక గిటార్, బేస్, డ్రమ్స్, పాడే పిల్లాడు. కీబోర్డ్ లేదు. ఏ రెండు? ఇంకో విషయం, ఈ ఐదింటినీ ఇప్పుడు విన్నవాళ్లు ఏది నిలబడుతుందంటారు?

కడప డూమ్:

అన్నా, మీ ప్రేమ అర్థమైంది. నేను మాత్రం రెండో పక్క నిలబడతాను.

ఆ ఆల్బమ్‌ల అసలు కష్టం దొరక్కపోవడం కాదు, పేరు. 1986లో ‘సెవెంత్ స్టార్’ అయోమీ సొంత ఆల్బమ్‌గా చేసుకున్నాడు, గ్లెన్ హ్యూస్ పాడాడు. అట్ట మీద మాత్రం ‘బ్లాక్ సబ్బాత్ ఫీచరింగ్ టోనీ అయోమీ’ అని వచ్చింది. అక్కడ మొదలైంది తంటా. తర్వాత వచ్చిన ప్రతి ఆల్బమ్‌నూ జనం 1970తో పోల్చి చూశారు. ఆ నలుగురు కలిసి వాయించేటప్పుడు బిల్ వార్డ్ డ్రమ్స్‌లో ఒక ఊపు ఉండేది, జాజ్ విని పెరిగినవాడి ఊపు. గీజర్ బట్లర్ వాయించే బేస్, రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస) వెనకాల నడిచేది కాదు, దానితో తలపడేది. పాటల మాటలు కూడా ఎక్కువ గీజర్‌వే. యుద్ధం, పిచ్చి, డబ్బున్నవాళ్ల దుర్మార్గం, భయం, అన్నీ ఉండేవి వాటిలో. ‘హెడ్‌లెస్ క్రాస్’లో ఏముంది? సైతాను, నరకద్వారం, మళ్లీ సైతాను. మొదటి సబ్బాత్‌లో సైతానును చూసి మనిషి వణికాడు. ఇక్కడ పోస్టర్ మీద బొమ్మలా ఉంటాడు.

ఇంకోటి, ‘హెడ్‌లెస్ క్రాస్’, ‘టీర్’లలో డ్రమ్స్ వాయించిన కోజీ పావెల్. గొప్ప డ్రమ్మర్, ఒప్పుకుంటాను. కానీ ఆయన రెయిన్‌బో అనే బ్యాండ్‌లో వాయించి వచ్చిన మనిషి. ‘టీర్’లో బేస్ వాయించిన నీల్ మర్రే వైట్‌స్నేక్ బ్యాండ్ మనిషి. ఇద్దరూ వచ్చి కూర్చుంటే అది సబ్బాత్ వాసన వస్తుందా? నాకు మంచి రెయిన్‌బో ఆల్బమ్‌లా వినిపిస్తుంది. ‘టీర్’లో ‘ఫీల్స్ గుడ్ టు మీ’ అనే ప్రేమపాట ఉంది చూడండి, ఓడిన్ దర్బారు అయిపోయి వల్‌హల్లాకు చేరాక అది ఎందుకొచ్చింది? రేడియో కోసమే కదా.

ఐదింటిలో నేను దగ్గర పెట్టుకునేది ‘క్రాస్ పర్పసెస్’ ఒక్కటే. గీజర్ తిరిగొచ్చాడు కాబట్టి. ‘వర్చువల్ డెత్’ పెట్టుకుని వినండి. నెమ్మదిగా, బురదలో కాలు ఈడ్చినట్టు నడుస్తుంది. అది సబ్బాత్. పిల్లలకు అదే చెప్పండి, కీబోర్డ్ అక్కర్లేదు, డ్రమ్మర్‌కు కష్టం లేదు.

రిఫ్ మాస్టారు, కర్నూలు:

గిటార్ నేర్పేవాడిగా రెండు మాటలు చెబుతాను, తర్వాత పాటల సంగతి.

‘హెడ్‌లెస్ క్రాస్’ రిఫ్‌లో గమనించాల్సింది అయోమీ ఎంత తక్కువ వాయిస్తాడో. డ్రమ్స్ ఒక్కటే మొదలై నిలబడతాయి, తర్వాత గిటార్ వచ్చి రెండు స్వరాలు కొట్టి ఊరుకుంటుంది. ఆ ఊరుకున్న చోటే బరువంతా ఉంది. పిల్లలు ఈ పాట నేర్చుకోవడానికి వస్తే అందరూ చేసే పని ఒకటే, ఖాళీల్లో ఏదో ఒకటి నింపేస్తారు. వద్దని చెబుతాను. ఆ ఖాళీని కోజీ పావెల్‌కు వదిలిపెట్టాడు ఆయన. 1989లో మిగతా గిటారిస్టులంతా వేగం మీద పోటీపడుతున్నారు. ఈయన ఇరవై ఏళ్ల కిందటి పద్ధతినే ఇంకా తగ్గించి వాయించాడు. కడప తమ్ముడు రెయిన్‌బో అన్నాడు. డ్రమ్స్ వరకు సరే. రిఫ్ మాత్రం రెయిన్‌బోలో ఎక్కడా అలా ఉండదు, అక్కడి గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ కుదురుగా కూర్చోడు.

‘వెన్ డెత్ కాల్స్’ కూడా అదే ఆల్బమ్. మెత్తగా బేస్ మీద, గొంతు మీద మొదలై, బరువెక్కి, ఆఖర్లో పరుగెత్తుతుంది. దాంట్లో సోలో వాయించింది క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే. ఆయన చెయ్యి వెంటనే తెలిసిపోతుంది, తీగ పాడినట్టుంటుంది. అయోమీ తన ఆల్బమ్‌లో ఇంకొకరికి గిటార్ సోలో ఇవ్వడం ఎంత అరుదో సబ్బాత్ విన్నవాళ్లందరికీ తెలుసు.

ఈ ఆల్బమ్‌ల్లో ఎవరూ పేరెత్తని మనిషి జెఫ్ నికోల్స్. డియో కాలంనుంచి కీబోర్డ్ ఆయనే. చాలా కచేరీల్లో స్టేజీ మీద కనపడకుండా పక్కన వాయించాడు. ‘టీర్’లో ‘ఆనో ముండి’ మొదట్లో లాటిన్ బృందగానం వస్తుంది కదా, ఆ పాట కింద పరిచిన కీబోర్డ్ తీసేస్తే పాట సగమవుతుంది. అందుకని కీబోర్డ్ లేని పిల్లలకు ‘టీర్’ జోలికి పోవద్దంటాను. అందులోనే ‘ది లా మేకర్’ వేగంగా ఉంటుంది, కీబోర్డ్ లేకుండా లాగొచ్చు, కానీ డ్రమ్మర్ చేతిలో దమ్ముండాలి.

పాడే పిల్లాడి గొంతు ఎంత పైకి పోతుంది? అది చెప్పకుండా పాట చెప్పలేం. ‘హెడ్‌లెస్ క్రాస్’ ఆఖర్లో మార్టిన్ పెట్టే కేక చాలామంది పెద్ద గాయకులకే అందదు. అందుకోవాలని చూసి గొంతు చించుకుంటే మిగతా కచేరీ పోతుంది. నా సలహా ‘క్రాస్ పర్పసెస్’లోని ‘క్రాస్ ఆఫ్ థార్న్స్’. అకూస్టిక్‌గా మొదలవుతుంది, పిల్లాడికి గొంతు వేడెక్కే టైమ్ దొరుకుతుంది, కోరస్‌లో ఒకేసారి పైకి పోతుంది. మెటల్ తెలియని ప్రేక్షకుడు కూడా కోరస్ రెండోసారి వచ్చేసరికి తల ఊపుతాడు.

లేత్‌వాలా, అనంతపురం:

మాస్టారూ, ఆ ఖాళీల మాట నాకు భలే నచ్చింది. అదే పేరా మా వాడికి పంపాను.

పిల్లాడి గొంతు పైకి బాగానే పోతుంది, కానీ నిలబెట్టలేడు. శృతి హాఫ్ స్టెప్ (అరస్వరం) దించి వాయించమని చెప్పొచ్చా? కేక దగ్గర గిటార్‌తో సరిపెట్టి పాట ముగిస్తే తప్పులేదనుకుంటున్నాను.

కడప తమ్ముడూ, పేరు గురించి నువ్వన్నదాన్ని కాదనను. అది వాళ్లకు మెడకు గుదిబండే అయింది. కానీ ఒకటి ఆలోచించు. మన పల్లెల్లో పద్యనాటకం ఆడేటప్పుడు ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు. కిరీటం అదే, నెమలిపింఛం అదే, గొంతు వేరు. నిన్నటి కృష్ణుడిలా పద్యం లాగలేదని ఎవరూ లేచి వెళ్లిపోరు. ఈయన రాగం ఎలా తీస్తాడో అని ముందుకు జరిగి కూర్చుంటారు. మార్టిన్‌కు అలాంటి ప్రేక్షకులు దొరకలేదు. రాయబారం కృష్ణుణ్ని పట్టుకుని పడక సీను పద్యం పాడమన్నారు.

పైగా అతను వచ్చిన తీరు చూడు. ‘ఎటర్నల్ ఐడల్’ అప్పటికే రే గిలెన్ అనే గాయకుడి గొంతుతో పాడించి పెట్టారు. గిలెన్ వెళ్లిపోయాడు. మార్టిన్‌ను పిలిచి అవే పాటలు మళ్లీ మొదటినుంచి పాడించారు. ఇంకొకరి కొలతలకు కుట్టిన పాటలు. ‘ది షైనింగ్’ విను, ఆ కొలతల్లోనే ఎంత నిండుగా పాడాడో. 2010లో వచ్చిన ఎడిషన్‌లో గిలెన్ పాడినవి కూడా ఇచ్చారు, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినొచ్చు. గిలెన్‌ది వేడి ఎక్కువ గొంతు. మార్టిన్‌ది నిలకడ. చీకటి పాటలకు నిలకడే పనికొస్తుందని నా నమ్మకం.

తర్వాత ఏం జరిగింది? ‘టీర్’ అయ్యాక డియో తిరిగొస్తున్నాడని మార్టిన్‌ను పక్కన పెట్టారు. 1992లో డియోతో ‘డీహ్యూమనైజర్’ చేశారు. అదే ఏడాది నవంబర్‌లో కాలిఫోర్నియాలో ఓజీ కచేరీకి ముందు వాయించాల్సి వస్తే డియో ఒప్పుకోలేదు, వెళ్లిపోయాడు. ఆ రెండు రాత్రులూ జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ వచ్చి పాడాడు. ఆ తర్వాత మళ్లీ మార్టిన్‌కే కబురు. వచ్చాడు. వచ్చి ‘క్రాస్ పర్పసెస్’ పాడాడు. నువ్వు దగ్గర పెట్టుకున్న ఆల్బమ్ అలా పుట్టిందే.

బేస్ విషయం. గీజర్ గీజరే, మాట లేదు. కానీ ‘హెడ్‌లెస్ క్రాస్’లో బేస్ వాయించిన లారెన్స్ కాటిల్ జాజ్ మనిషి. బిల్ వార్డ్‌లో జాజ్ ఉందని నువ్వే అన్నావు కదా, అది డ్రమ్స్ వదిలి బేస్‌లోకి వచ్చిందనుకో. ‘నైట్‌వింగ్’ మొదట్లో గిటార్ మాట మరిచిపోయి బేస్ మీదే చెవి పెట్టు. నేను ఆ పాట దగ్గర పని చెయ్యలేను, చేతులు ఆగిపోతాయి.

సైతాను గురించి మాత్రం నీదే కరెక్ట్. ఆల్బమ్ నిండా అదే, కొంచెం ఎక్కువే. కానీ టైటిల్ పాట వేరు. హెడ్‌లెస్ క్రాస్ అనేది నిజంగా ఒక ఊరు. బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన రెడిచ్‌ను ఆనుకుని ఉంటుంది. మహమ్మారి రోజుల్లో జనం కొండ మీది శిలువ దగ్గరికి ప్రాణభయంతో చేరడం ఆ పాట. సొంత నేల పక్కన ఉన్న ఊరి పేరు మీద పాట కట్టారు. అందులో భయం బొమ్మ భయం కాదు. ‘టీర్’కు వచ్చేసరికి సైతానును చాలావరకు వదిలేశారు కూడా.

గుత్తి సుధ:

అన్నా, నేను ఈ ఆల్బమ్‌లు వచ్చినప్పటికి పుట్టలేదు. బెంగళూరులో ఉద్యోగం, వారం వారం రైలు. సబ్బాత్ అంతా రైల్లోనే విన్నాను. 2025 జులైలో ఓజీ పోయినప్పుడు మొదటినుంచి వరుసగా వినడం మొదలుపెట్టాను. కాబట్టి నాకు ఏది పెద్ద ఆల్బమ్, ఏది చిన్న ఆల్బమ్ అన్న లెక్క ముందుగా లేదు.

‘ఫర్బిడెన్’ తర్వాత మాట్లాడుకుందామని వదిలేశారు. నేను మాట్లాడతాను. నేను మొదట విన్నది 2024లో అయోమీ మళ్లీ మిక్స్ చేసింది. బాగుందే, దీన్నెందుకు ఇంత తిట్టారు అనుకున్నాను. తర్వాత 1995 మిక్స్ విన్నాను. అప్పుడు తెలిసింది. పాత మిక్స్‌లో గిటార్ పలచగా, డ్రమ్స్ డబ్బా కొట్టినట్టు ఉంటాయి. అంతా దూరంగా గోడ అవతలినుంచి వస్తుంది. కొత్తదాంట్లో గిటార్ ముందుకొచ్చింది, కోజీ పావెల్ కాలు వినపడుతోంది. ‘కిస్ ఆఫ్ డెత్’ రెండింటిలోనూ వినండి, తేడా అందులో తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. మంచి ఆఖరి పాట అది. తర్వాత 2013లో ‘13’ వచ్చేదాకా సబ్బాత్ స్టూడియో ఆల్బమ్ లేదు కదా, పద్దెనిమిదేళ్లకు అదే వీడ్కోలు పాట.

కానీ మిక్స్ మార్చినా మారనివి ఉన్నాయి. ‘ది ఇల్యూషన్ ఆఫ్ పవర్’లో రాపర్ ఐస్-టీ వచ్చి మాటలు చెబుతాడు, మార్టిన్ కూడా సగం చెప్పినట్టు పాడతాడు. అంత పాడే గొంతును పెట్టుకుని చెప్పించడమేంటి? ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసింది ఐస్-టీ బ్యాండ్ బాడీ కౌంట్ గిటారిస్ట్ ఎర్నీ సి. అతను కోజీ పావెల్‌కు ఎలా కొట్టాలో చెప్పబోయాడని అయోమీయే తర్వాత రాశాడు. ఆ ఇబ్బంది పాటల్లో వినపడుతుంది.

నా ఓటు ‘టీర్’కు. ‘ది సబ్బాత్ స్టోన్స్’ నాకు ఈ ఐదింటిలోకీ పెద్ద పాట. కడప అన్న ‘టీర్’ రెయిన్‌బోలా ఉందన్నారు, ఆ పాట విని చెప్పమనండి. పైగా మార్టిన్ గొంతులో ఒకటి గమనించాను. ఓజీ పాడితే పాటలోని భయం అతనికే జరుగుతున్నట్టుంటుంది. డియో పాడితే గుడి మెట్ల మీద నిలబడి శాసిస్తున్నట్టుంటుంది. మార్టిన్ జరిగినదాన్ని చూసి వచ్చి చెబుతున్నవాడు. ‘టీర్’లాంటి పురాణం చెప్పడానికి అలాంటివాడే కావాలి.

కాలేజీ పిల్లలకు ‘ఫర్బిడెన్’లోంచి ఒకటి ఇస్తే ఎలా ఉంటుంది? ‘రస్టీ ఏంజెల్స్’ కీబోర్డ్ లేకుండా నడుస్తుంది.

కడప డూమ్:

‘సబ్బాత్ స్టోన్స్’ ఇప్పుడే వరుసగా రెండుసార్లు విన్నాను. సుధా, ఆ పాట వరకు నువ్వు గెలిచావు. ఆ మధ్యలో నెమ్మదించి గిటార్ ఒక్కటే తిరిగొచ్చే చోటు 1970లదే. ఆల్బమ్ మొత్తం గురించి నా మాట మార్చుకోను. ‘వల్‌హల్లా’లో కీబోర్డ్ నాకు ఇంకా పొసగడం లేదు, డ్రమ్స్ మీద పోసిన ఆ ప్రతిధ్వని ఆ కాలపు జబ్బు. ‘ఫర్బిడెన్’ను మళ్లీ మిక్స్ చేసినట్టు ‘హెడ్‌లెస్ క్రాస్’ను కూడా ఎవరైనా పొడిగా మిక్స్ చేస్తే నేనే ముందు కొంటాను.

లేత్ అన్నా, కృష్ణుల పోలిక బాగుంది కానీ ఒక తేడా ఉంది. నాటకంలో పద్యం మారదు. రాసింది ఒకరే. ఇక్కడ గీజర్ వెళ్లిపోయాక పద్యం రాసేవాడే మారిపోయాడు. నా గొడవ గాయకుడితో ఎప్పుడూ లేదు.

రిఫ్ మాస్టారు, కర్నూలు:

హాఫ్ స్టెప్ దించడం గురించి అడిగారు. తప్పకుండా దించండి. సబ్బాత్‌కు అది కొత్త కాదు, 1971 ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లోనే అయోమీ కొన్ని పాటలకు మూడు హాఫ్ స్టెప్‌లు దించాడు. తీగలు వదులైతే నొప్పి పెట్టే వేళ్లకు సుఖం, శబ్దానికి బరువు. పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పండి: దించాక తీగలు మరీ వదులుగా ఉంటే ఒక గేజ్ లావువి వేసుకోవాలి. లేకపోతే గట్టిగా మీటినప్పుడు శృతి చెదురుతుంది. ఫెస్ట్ ముందురోజు మార్చొద్దు, వారం ముందే మార్చి అలవాటు చేసుకోవాలి.

‘రస్టీ ఏంజెల్స్’ మంచిదే, కానీ ఎవరికీ తెలియని బ్యాండ్ ఎవరికీ తెలియని పాటలు, అదీ రెండూ మధ్యరకం వేగంవే ఎత్తుకుంటే హాలు చల్లబడుతుంది. ఒకటి బరువైనది, ఒకటి కోరస్ ఉన్నది పెట్టండి.

లేత్‌వాలా, అనంతపురం:

మా వాళ్లు నిన్న రాత్రి షాపుకే వచ్చారు. ఇక్కడ త్రీఫేజ్ కరెంట్ ఉంది, చుట్టుపక్కల ఇళ్లు లేవు, ఎంత సౌండ్ పెట్టినా అడిగేవాడు లేడు. మీరు రాసినవన్నీ చదివించాను, పాటలన్నీ స్పీకర్లో పెట్టాను. డ్రమ్స్ వాయించే పిల్లాడు ‘హెడ్‌లెస్ క్రాస్’ మొదటి నాలుగు దెబ్బలకే పడిపోయాడు, ఇది తప్ప ఇంకోటి వాయించనంటున్నాడు. పాడే పిల్లాడు ‘క్రాస్ ఆఫ్ థార్న్స్’ పట్టుకున్నాడు. కాబట్టి ఆ రెండే. ముందు ‘క్రాస్ ఆఫ్ థార్న్స్’, మాస్టారు చెప్పినట్టు గొంతు వేడెక్కడానికి. తర్వాత ‘హెడ్‌లెస్ క్రాస్’, రెండూ ఒకే ట్యూనింగ్‌లో, హాఫ్ స్టెప్ కింద. తీగలు ఈ వారమే మారుస్తున్నారు.

కడప తమ్ముడూ, పద్యం రాసేవాడే మారాడన్నావే, దానికి నా దగ్గర జవాబు ఒకటే. మాటలు రాసేవాళ్లు మారారు, రిఫ్ రాసిన చెయ్యి మారలేదు. 1970 నుంచి ‘13’ దాకా ప్రతి ఆల్బమ్‌లోనూ ఉన్నది ఆయనొక్కడే. సబ్బాత్‌లో పద్యం అంటే నాకు రిఫ్. నీకు మాటలు. ఇద్దరం ఒకే బ్యాండ్‌ను రెండు చెవులతో వింటున్నాం, విందాం.

సుధా, ‘చూసి వచ్చి చెబుతున్నవాడు’ అన్నావు చూడు, ఇన్నేళ్లుగా ఆ గొంతు విని కూడా నాకు ఆ మాట దొరకలేదు. పాడే పిల్లాడికి అదే చెప్పాను: భయపడినట్టు పాడకు, శాసించినట్టు పాడకు, కొండ మీద ఏం జరిగిందో కిందున్నవాళ్లకు చెప్పినట్టు పాడు అని. మూడోసారి పాడినప్పుడు పాట మారింది.

మాస్టారూ, ఒక్క సాయం. గిటార్ వాయించే మా వాడు ఆ ఖాళీలు నింపకుండా ఉండలేకపోతున్నాడు. ఆదివారం కర్నూలు పంపిస్తే ఒక గంట కూర్చోబెట్టుకుంటారా?

రిఫ్ మాస్టారు, కర్నూలు:

పంపండి. పొద్దున పదికి రమ్మనండి, గిటార్ వాడిదే తెచ్చుకోవాలి. మెట్రోనోమ్ నా దగ్గర ఉంది.